నువ్వు గీసిన సరస్సు పటం

భాస్కరన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. డబ్లిన్ శివారు బ్లాంచర్డ్స్‌టౌన్‌లో హాలు తీసుకుని సంస్మరణ సభ పెట్టాం. ఇక్కడి రెండు తెలుగు సంఘాలూ పోటీపడి గోడ నిండా ఫ్లెక్సీలు కట్టించాయి. అధ్యక్షుల ముఖాలు బారెడు, నీది మూలన అరచేయంత.

పాత మెక్సికో సరస్సు చుట్టూ కొట్టుకున్న నగరాలనూ, వాటి రాజులనూ చూపిస్తూ నువ్వు గీసిన పటం వదిన తెచ్చింది. “తర్వాత ఆ సరస్సంతా ఏలిన అజ్‌టెక్‌లు కూడా మొదట్లో అజ్‌కపొట్సాల్కో నగరపు రాజుకి కప్పం కట్టి, ఆయన యుద్ధాలు చేసిపెట్టినవాళ్లేరా” అని నవ్వేవాడివి.

“ఇదెక్కడ పెడదాం తమ్ముడూ?” అని వదిన నన్నడిగింది.

“ఇప్పుడివన్నీ ఎందుకమ్మా?” అన్నాడు మా సంఘం అధ్యక్షుడు. నేను అద్దెకుంటున్నది ఆయన ఇంట్లోనే. వచ్చే నెల లీజు అయిపోతుంది. డబ్లిన్‌లో ఇంకో ఇల్లు దొరకదు.

“అవునొదినా, తర్వాత చూద్దాం” అన్నాను.

వదిన పటం చుట్టేసి, సభ అయ్యేదాకా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను స్టూలెక్కి, అవతలి సంఘం ఫ్లెక్సీకన్నా మాది జానెడు పైనుండేలా తాడు బిగించాను.

“భలే కట్టావురా!” అని ఆయన నా భుజం తట్టాడు.

నీతో కాక ఇంకెవరితో చెప్పను? ఆ మాటకి నాకు సంతోషం వేసిందన్నా.