మొక్కక ముందు ఇచ్చిన గుడ్లు

సిబు, ఏప్రిల్ 7

కియాన్ హాక్ అన్నయ్యకు,

బాప్తిస్మం తీసుకున్నానని నాన్న సమాధిరాయి మీద కొడుకుల పేర్లలో నా పేరు చెక్కించలేదు నువ్వు. ముప్పై ఒక్క ఏళ్లయినా మర్చిపోలేదు. అది అలా ఉంచు. మా చర్చిలో ఏడాది సేవకు వచ్చిన నీ మనవడు బూన్ సియాంగ్ క్షేమం. వాడూ నాలాగే పెద్దవాళ్లతో తగువు పెట్టుకుంటాడని భయపడ్డాను. మొన్న సమాధుల పండగకి మా ఆవిడ, అదే నీ మరదలి సమాధి దగ్గర వీడు గడ్డి కోస్తుంటే, పక్క సమాధికి వచ్చిన తాన్ ముసలమ్మ ఎగతాళి చేసింది. "అగరొత్తి ముట్టనోడివి, నీకు పెద్దలెందుకురా యేసుబాబూ?" వీడు నవ్వి, "కొడవలి ముడతాగా అవ్వా, మీ గడ్డి కూడా కోసేదా?" అని మొత్తం కోసేశాడు. ఆవిడ బుట్టలోంచి రెండు ఉడికిన గుడ్లు తీసి, "ఇంకా పెద్దలకి పెట్టి మొక్కలేదులే, నువ్వు తినొచ్చు" అంది. నా గుండె కుదుటపడింది.

నీ మోకాలు ఎలా ఉంది? ఎండు రొయ్యలు పంపు, ఇక్కడివి ఉత్త ఉప్పు. వదినకు నమస్కారం, పిల్లలకు దీవెనలు. వాడు జూన్‌లో ఇంటికి బయల్దేరతాడు. బాప్తిస్మం తీసుకున్నవాణ్ని తాత గుమ్మం ఎక్కనిస్తాడా అని రోజూ నన్ను అడుగుతున్నాడు. ఎక్కనిస్తావా లేదా, మే ఇరవైలోపు రాయి.

తమ్ముడు కియాన్ సెంగ్