మొండయ్య పడని బురద

కరీంనగర్

మల్లక్క అవ్వకు ఇఖ్రా సలాములు.

మంథని దగ్గర పొలం ఒడ్డున కూర్చుని మీరు పాడిన నాటు పాటను మా ‘పాట పుట్టిన చోటు’ చానల్‌లో పెట్టాను. చాలామంది విన్నారు. మా అమ్మ రొట్టెలు కాలుస్తూ అదే పాడుతోంది. ఇంట్లో రోజూ మాడిన రొట్టెలే.

ప్రతి పాట వెనుక ఉన్న అసలు కథ చెప్పడం మా పద్ధతి. ‘ఒడ్డు మీద రాయమల్లు కొత్త పంచె కట్టె, కప్పను జూసి బెదిరి బురదల బొర్ల పడె’ అని పాడారు కదా. ఆ రాయమల్లు ఎవరు? నిజంగానే పడ్డాడా? ఎక్కడున్నాడో చెబితే వెళ్లి కలుస్తాను.

మీ పాట వదలని,
ఇఖ్రా

తా.క. ఫోన్ చేస్తే ‘ఎవలూ, ఎవలూ’ అని మూడిళ్లకు వినిపించేలా అరిచి పెట్టేశారు. అందుకే ఉత్తరం.

* * *

మంథని

బిడ్డా ఇఖ్రా, సల్లగుండు.

నీ ఉత్తరం వచ్చినకాన్నుంచి ముద్ద దిగుతలేదు. ఫోన్ల నువ్వు మాట్లాడేది నాకు వినపడది, నేను మాట్లాడేది వాడంత వినపడ్తది. గీ ముచ్చట ఎవలు వినొద్దు. గందుకే రాస్తున్న.

పాటల మనిషి బతికే ఉన్నడు. గోదావరిఖనిల బొగ్గుబాయి నౌకరి చేసి రిటైరైండు. నువ్వు పాట తీసుకపోయినంక మా మనుమరాలు రేవతికి సంబంధం కుదిరింది. పిలగాడు ఎవలనుకున్నవ్? గాయిన మనుమడే. వచ్చే నెల మొదటి ఆదివారం పూలు పండ్లు పెట్టుకున్నం. తాతను బురదల పడేసి ఊరూరికి వినిపిస్తే, పాడినోళ్ల ఇంటి పిల్లను ఎవలు చేసుకుంటరు చెప్పు.

కథ ఏం లేదు బిడ్డా. నాట్లేసేటప్పుడు ఒడ్డు మీదికెల్లి ఎవలు పోతే వాళ్ల పేరు పాటల కలుపుతం. ఆకువక్క ఇస్తే విడిచిపెడ్తం, ఇయ్యకపోతే ఇంక జర ఎక్కువంటం. గా యేడు గాయినె పోయిండు, పడ్డడు, ఇయ్యలే. గంతే. జర గా పేరు తీసి మొండయ్య అని పెట్టు. మా ఊర్ల మొండయ్య అనేటోడు లేడు, ఎవలకు నొప్పి కాదు.

ఫికరుతోని సగమైన,
మల్లక్క

తా.క. కవరు అంటుకుంటలేదని మెతుకులు పెట్టి అంటించిన. చీమలొస్తే ఏమనుకోకు.

* * *

కరీంనగర్

అవ్వా, నమస్తే.

మీరు చెప్పినట్టే చేశాను. ‘రాయమల్లు’ అన్నచోట ‘మొండయ్య’ అని నేనే పాడి అతికించాను. ఆ ఒక్క మాట దగ్గర మీకు హఠాత్తుగా పడుచుతనం వచ్చినట్టు వినిపిస్తోంది కానీ, ఎవరూ పట్టించుకోలేదు.

కథ ఏమీ లేదన్నారు. కానీ ఉత్తరమంతా వెతికాను, ఆయన పేరు ఒక్కసారి కూడా రాయలేదు. అంతటా ‘గాయినె’. మా అమ్మ కూడా మా నాన్న పేరు పలకదు. నాకు అర్థమైంది అవ్వా, ఇంకేమీ అడగను. పాట కింద మాత్రం ఇలా రాశాను: ‘ఈ పాటలోని అసలు పేరును ఒక ఆడమనిషి జీవితమంతా గుండెల్లో దాచుకుంది.’

మీ బాధ తెలిసిన,
ఇఖ్రా

తా.క. చదివినవాళ్లంతా ఏడుపు బొమ్మలు పెడుతున్నారు. మా అమ్మ నిజంగానే ఏడ్చింది.

* * *

మంథని

ఇఖ్రా, నన్ను నిలువున ముంచినవ్ బిడ్డా.

పేరు రాయనిది నువ్వనుకున్నందుకు గాదు. మా పోస్టాయన కవర్లను ఎండకు పట్టి చదువుతడు, గందుకు. రేషన్ దుకాణం కాడ అందరు ‘ఏందే మల్లక్కా, గుండెల ఎవల్ని పెట్టుకున్నవే’ అని అడుగుతున్నరు. గోడకున్న మా ఆయన ఫోటో ఎటు పోయినా నన్నే చూస్తున్నది. తువ్వాల కప్పిన.

ఇంకోటి చెప్త. కాగజ్‌నగర్ల మొండయ్య అనేటాయన పాట కింద రాసిండట. ‘నేను గా ఊరికే రాలే, నన్నెందుకు పడేసిండ్రు’ అని. ఆయనకు నువ్వే జవాబు చెప్పు.

గివన్ని ఒకెత్తు. పిలగాని తాత ఫోన్ చేసిండు. ‘ఆదివారం కన్న ముందుగాల్నె వస్తున్న, మాట్లాడేది ఉన్నది’ అని పెట్టేసిండు. గొంతుల నవ్వు లేదని రేవతి చెప్పింది. పిల్ల పొద్దుగూకినంక గా పిలగానితోని నవ్వుకుంట మాట్లాడ్తది బిడ్డా. గా నవ్వు నాతోని ఆగిపోతే నేనేం మొఖం పెట్టుకోవాలె. పాటనే మొత్తం తీసెయ్యి.

పరేషాన్ల ఉన్న,
మల్లక్క

తా.క. మీ అమ్మను ఏడ్వొద్దని చెప్పు. నేను ఏడుస్తున్నది చాలు.

* * *

కరీంనగర్

అవ్వా,

పాట తీసేశాను. తప్పంతా నాది. నేను వచ్చి ఆ పెద్దాయనకు చెబితే సంబంధం నిలుస్తుందంటే, మొదటి బస్సుకే వస్తాను.

తల దించుకున్న,
ఇఖ్రా

తా.క. పాట కనబడకపోయేసరికి, మొండయ్య చనిపోయాడనుకుని కొందరు చానల్‌లో పూల బొమ్మలు పెడుతున్నారు. కాగజ్‌నగర్ ఆయన మళ్లీ రాశాడు.

* * *

మంథని

బిడ్డా ఇఖ్రాకు మల్లక్క దీవెనలు.

రాయమల్లు వచ్చిండు. పేరు రాసిన చూడు, పోస్టాయన చదివితే చదవనీ. భార్య సక్కుబాయి గూడ వచ్చింది. మంచం మీద కూసున్నడు, చాయ్ ముట్టలే. నేను గోడ పట్టుకొని నిలబడ్డ.

“వదినె, మొండయ్య ఎవడు?” అన్నడు.

“ఎవలు లేరు బావా, ఉత్తగ పెట్టిన.”

“ఎట్ల పెడ్తవ్? పడ్డది నేను. పంచె ఖరాబైంది నాది. బురద పోయింది నా చెవులల్లకు. మొండయ్య ఎన్నడన్న నీ ఒడ్డు తొక్కిండా?”

ఇన్నేండ్లు బాయికాడ ఎవలు గొప్పలు చెప్పినా, ‘నా మీద మా ఊర్ల పాట ఉన్నది’ అని చెప్పెటోడట. ఒక్కలు నమ్మలేదట. నువ్వు పాట పెట్టంగనె కాలనీల అందరికి చెప్పి, చుట్టాలను కూసుండబెట్టి ఫోన్ నొక్కిండట. అండ్లకెల్లి మొండయ్య పడ్డడు. అందరు నవ్వుకుంట లేచిపోయిండ్రట. మల్ల నొక్కుదామంటే పాటనే లేదట.

“నా బురద నాకు ఇయ్యి వదినె. గప్పుడే పూలు పండ్లు” అన్నడు.

ఇస్తనన్న. గప్పుడు చాయ్ తాగిండు. రేవతి లోపట్నుంచి నవ్వింది, నాకు గూడ వినపడ్డది.

ఆదివారం లోపల రాయమల్లును మల్ల పడెయ్యి బిడ్డా. మీ అమ్మను తోలుకొని నువ్వు గూడ రా.

ముద్ద దిగిన,
మల్లక్క

తా.క. పోయేటప్పుడు సక్కుబాయి నన్ను పక్కకు పిలిచింది. కప్ప లేదు గిప్ప లేదట. గా దినం, ఇంక పెండ్లి గాని సక్కుబాయి మా నాటు వరుసల కొత్తగ నిలబడ్డది, తలెత్తి చూసింది, ఆయన పడ్డడు. సిగ్గుకు కప్ప అని చెప్పిండు, మేం పాటల పెట్టినం. “గీ ముచ్చట నాకు ఎరుకని ఆయనకు ఇంక తెల్వది మల్లక్కా, కప్పనే ఉండనీ” అన్నది. నువ్వు అడిగిన కథ గిదే, గని పెట్టకు.