కుడికాలు మోపని రుక్మ

నిజామాబాద్,
3 డిసెంబర్ 1967

ప్రియమైన బాపుకు,

రుక్మ నమస్కారాలు. అవ్వ పంపిన మక్క పేలాలు ఒక్క పూటలో గది పిల్లలే ఖాళీ చేశారు.

ఇక అసలు సంగతి. ఈ నెల 31న జిల్లా ఖోఖో జట్టుకు ఎంపిక. నాది ఆటతో వచ్చిన సీటు కదా, జట్టులో పేరు లేకపోతే హాస్టల్ నుంచి పంపించేస్తారట. చదువు అంతటితో సరి. నేరుగా ఉరికితే నన్ను పట్టేవాళ్ళు లేరు. కుడికి తిరిగినా ఎవరికీ అందను. ఎడమకు తిరగాలంటే మాత్రం కుడికాలు గట్టిగా మోపాలి, అది మోపదు. ఒక్క అడుగు ఆలస్యం, అంతలో వీపు మీద చెయ్యి. తరిమే పిల్లలందరికీ ఈ సంగతి తెలిసిపోయింది. కారణం నాకు తెలియదు బాపూ. ఏదైనా ఉపాయం రాయి.

నీ బిడ్డ
రుక్మ

బోధన్,
9 డిసెంబర్

బంగారు బిడ్డ రుక్మకు బాపు దీవెనలు.

చెరుకు బండి ఫ్యాక్టరీ వరుసల నిలబెట్టి, ఎడ్లు నెమరేస్తుంటె గిది రాస్తున్న. నీకు భయం పట్టింది, గంతే. ఖోఖోల ముత్తన్న దిగిండంటె మరాఠోళ్ళు సుత లేచి నిలబడి సూసేటోళ్ళు, మర్చిపోకు. నేను నేర్పిన పాఠమే మల్ల చెయ్యి. నీళ్ళు పారిన నల్లరేగడిల నేను ముందట ఉరికితె, నా అడుగుల అడుగేసుకుంట నువ్వు ఎనుక ఉరికేదానివి గద? ఆ అడుగులు కండ్ల ముందట పెట్టుకో. ఎనిమిది చెరుకు ముక్కలు వరుసగ పాతి, వాటి నడుమల నుంచి పొద్దుగాల ఇరవై సార్లు, మాపటికి ఇరవై సార్లు ఉరుకు. మంది మాట వినకు.

మీ బాపు
ముత్తన్న

నిజామాబాద్,
16 డిసెంబర్

ప్రియమైన బాపూ,

నువ్వు రాసినట్టే చేశాను. ఇరవై కాదు, పూటకు నలభై. ఇంకా అధ్వాన్నమైంది. నిన్న ఆటలో నిమిషం కూడా నిలవలేదు. ఎడమకు తిరగబోయి గుంజకు గుద్దుకున్నాను, పెదవి పగిలింది. మా డ్రిల్ సారు రామ్‌దాస్ డాక్టరుకు చూపిస్తే, కాలు నిక్షేపంగా ఉందన్నాడాయన. సారుకు కోపం వచ్చింది. "కాలు మంచిగనే ఉన్నదట. మరి నీకేమైంది? ఆడాలనిపిస్తలేదా? చెప్పు, ఇంకో పిల్లను సూసుకుంట" అన్నాడు. నేను మళ్ళీ పరుగు మొదలుపెట్టాను.

అన్నం సయించడం లేదు బాపూ. పద్దెనిమిది మందిమి ఉన్నాం, తీసుకునేది పన్నెండు మందినే. నీ దగ్గర ఇంకేదైనా పాఠం ఉంటే వెంటనే రాయి. నీ కాళ్ళు మొక్కుతాను.

నీ రుక్మ

బోధన్,
21 డిసెంబర్

బిడ్డా రుక్మా,

నిన్న బస్సెక్కి వచ్చిన. నీకు కనపడలె. గ్రౌండు తడక ఎనుక నిలబడి గంటసేపు సూసిన.

నీ కాలుకు ఏం కాలె బిడ్డా. అది నా కాలు. నువ్వు పుట్టిన ఏడు బండి గిర్ర ఎక్కి నా కుడిపాదం వేళ్ళు నలిగిపోయినయ్. అప్పటిసంది మడిమె మీదనే నడుసుడు, మడిమె మీదనే ఉరుకుడు. నువ్వు నా అడుగుల అడుగేసినవు. నేను వేళ్ళు మోపని కాడ నువ్వు సుత మోపలె. ఎనిమిదేండ్లు నేర్పిన. ఒక్కనాడన్న నీ పాదం దిక్కు సూడలె, నీ జోరు సూసి మురిసిన. నీ బతుకు నా చేతులతోని నేనే బొంద పెట్టిన.

గిది మీ సారుకు సూపెట్టు. ఆయన చెప్పినట్ల చెయ్యి. నేను రాసినయన్ని మర్చిపో. ఎంపికనాడు నేను రాను. నువ్వు ఇంటికొస్తె గడప కాడ కూసునే ఉంట, నీ ముందట నడువ. నిన్ను కన్న అవ్వకు చెప్పే మొఖం లేదు.

పాపిష్టి బాపు

నిజామాబాద్,
1 జనవరి 1968

ప్రియమైన బాపూ,

నిన్న సాయంత్రం పేర్లు చదివారు. పన్నెండింట్లో నాది లేదు.

నీ ఉత్తరం సారుకు చూపించాను. ఆ రోజు నుంచి ఒక్క కుడికాలి మీదే మెట్లు ఎక్కించాడు, ఇసుకలో గెంతించాడు. ఎంపికలో రెండుసార్లు ఎడమకు తిరిగాను బాపూ, ఎవరికీ అందలేదు. మూడోసారి కాలు పాత అలవాటుకే పోయింది. "ఇంకొక్క నెల దొరికితె నీ పేరు అందరికన్న ముందటుండేది" అన్నాడు సారు.

ఆ నెల ఉండింది. నేనే పోగొట్టాను. దసరా అయిన వారంలోనే సారు నా పరుగు చూసి, "మీ ఇంట్ల ఎవరన్న కుంటుతరా?" అని అడిగాడు. నాకు అప్పుడే అంతా అర్థమైంది. ఎవరూ లేరు సార్ అన్నాను. మా బాపు నేర్పి చెడగొట్టాడనే మాట ఎవరి నోటా వినలేను. కారణం తెలియదని నీకు రాసింది కూడా అబద్ధమే. నీ పాఠంతో వచ్చింది నీ పాఠంతోనే పోతే, ఎవరికీ చెప్పే పని ఉండదనుకున్నాను. నా నోరే నా సీటు తీసింది.

ఇంకెప్పుడూ పాపిష్టి అని సంతకం పెట్టకు.

శుక్రవారం పొద్దుటి బస్సుకు పెట్టె సర్దుకుని వస్తున్నాను. బస్టాండుకు అవ్వను పంపకు. నువ్వే రా. అందరి ముందు నుంచి నడుచుకుంటూ రా.

నీ బిడ్డ
రుక్మ