జాతర ఆటలో నా బొమ్మ

శనివారం రాత్రి, భావనపాడు, 2003

పలాసలో కంప్యూటర్లు నేర్పే నా బావమరిది సింహాచలం ఖాళీ దొరికినప్పుడల్లా ఒక్కడే కూర్చుని కంప్యూటర్ ఆట తయారుచేస్తున్నాడు. జాతరకు జనం విరగబడతారు. తొక్కిసలాట జరగకుండా పోలీసులనూ తాళ్లనూ ఎక్కడ పెట్టాలో మనమే ఆలోచించాలి. అదే ఆట. ఈరోజు పలాస వెళితే తన క్లాసులోనే నాకు చూపించాడు. అందులో మైకు పట్టుకున్న బొమ్మ ఒకటి, చంకలో భగవద్గీత.

"నువ్వే బావా. నిన్నెక్కడెడితే అక్కడ జనం పల్సబడిపోతన్నారు. లాఠీ కన్నా నువ్వే బాగా పన్సేత్తన్నావు," అన్నాడు. నేర్చుకునేవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

అబద్ధమేమీ కాదు. నిన్న ఒడ్డున మైకులో గీత చెబుతూ కర్మయోగం మీద గొంతు చించుకుంటుంటే తెప్పలు వచ్చాయి. అందరూ చేపల దగ్గరికి పరుగెత్తారు. మొదలుపెట్టిన శ్లోకాన్ని సముద్రానికే వినిపించి పూర్తిచేశాను. ఫలం ఆశించవద్దన్నాడు కృష్ణుడు. వినేవాడొకడు ఉండాలనుకోవడం కూడా ఫలం ఆశించడమేనా?

బయల్దేరబోతూ అడిగాను, నీ ఆటలో ఒక్కడైనా ఆగి వినడా అని.

"అలాటోడిని ఇంకా పెట్టనేదు బావా. పెట్టమంటావేటి?"

బస్సుకు వేళైందన్నాను. పెట్టమనడానికి నోరు రాలేదు.