చిల్లు లేని గ్లౌజులు

అన్నయ్యా,

నీ నివేదిక చదివాను. "గ్లౌజుల్లో నీళ్లు పోసి చూశాం, ఒక్క చిల్లూ లేదు, తప్పు కార్మికురాలిదే" అని రాశావు. ఆ కార్మికురాలు మన చెల్లెలని తెలిసే సంతకం పెట్టావా?

రంగులు పలచన చేసే థిన్నర్ దూరడానికి చిల్లు అక్కర్లేదని నాకు చెప్పింది నువ్వే. రబ్బరు లోపల వలలా అల్లుకుని ఉంటుందనీ, థిన్నర్‌లో నానితే ఆ వల సాగి, రబ్బరు ఉబ్బి, విషాన్ని చేతికి చేరవేస్తుందనీ అన్నావు. మీ ఫ్యాక్టరీలో ఏం చేస్తారు? ఉబ్బిన గ్లౌజుల్ని తీగ మీద ఆరేస్తారు. ఆరి మామూలు సైజుకు రాగానే మళ్లీ వాటినే ఇస్తారు. నువ్వు పరీక్షించి ముద్ర వేసేది ఆరినవాటిని, అదీ నీళ్లతో! రబ్బరు నీళ్లకు ఉబ్బుతుందా? దీన్ని పరీక్ష అంటారా, నాటకమంటారా?

సోమవారం విచారణలో నిజం చెప్పు. ఉద్యోగం పోతుందని నసగకు. చెల్లికి లివరే పోయింది.

చేతులు మండుతుంటే ఎందుకు మానలేదే అని నిన్న ఆసుపత్రిలో అడిగాను. "పెద్దన్నయ్య చూసి ముద్ర వేసినవే కదా చిన్నన్నయ్యా, ఏమవుతుందిలే అనుకున్నా" అంది.

దానికా నమ్మకం ఇంకా ఉంది. సోమవారం దాకా ఉండనిస్తాను.

నీ తమ్ముడు