టోకెను నంబరు పద్నాలుగు

ఏమండీ,

మీరు వెళ్ళి ఇవాళ్టికి అయిదు నెలలు. కుశలప్రశ్నలు తర్వాత. ముందు ఒక తప్పు దిద్దాలి.

“గ్యాసే టీచరుగారూ, కాస్త వాము నమిలితే పోతుంది” అన్నారు. అది గ్యాసు కాదండీ. గుండె. ముప్పై ఏళ్ళు పిల్లల పేపర్లు దిద్దాను, ఇంత పెద్ద తప్పు ఎక్కడా చూడలేదు.

ఇంకోటి. ఆ టోకెను మీది కాదు. తెల్లవారి అయిదింటికి ఈ మోకాళ్ళతో ఆసుపత్రి ముందు లైన్లో నిలబడి తెచ్చింది నేను. పద్నాలుగో నంబరు. మీకు కాఫీ పట్టుకొచ్చేసరికి మీ చేతిలో యాభై రెండు ఉంది... మీరు లేరు.

నాది నాకు చెప్పకుండా దానం చెయ్యడానికి మీరెవరు?

పదకొండో రోజున మైకు పట్టుకున్న ప్రతివాడూ మిమ్మల్ని త్యాగమూర్తి అన్నాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో కాలికి దెబ్బ తగిలినా, లారీలో మిగిలిన ఒక్క చోటూ పక్కవాడికిచ్చి మర్నాటిదాకా పడి ఉన్నారని చెప్పారు. “వాడికి నాకంటే ఎక్కువ రక్తం పోతోంది” అన్నారట. చప్పట్లు కొట్టారు. సంతాపసభలో చప్పట్లేమిటో! ఆలస్యంగా కట్టు కట్టిన ఆ కాలికి యాభై ఏళ్ళు నూనె రాసిందెవరో ఒక్కడూ అడగలేదు. త్యాగం చేసినవాడి ఫొటోకి దండ పడుతుంది. ఇంట్లోవాళ్ళకేం పడుతుంది?

మీరు మంచివారు కాదని అనను. అనలేకపోవడమే నా ఖర్మ. అమ్మాయికి రెండు జడలూ బూటు లేసులంత బిగువుగా వేసి బడికి పంపేవారు. నా నేతచీరలకి గంజి పెట్టి, వేలు తెగేటట్టు మడత పెట్టి ఇస్త్రీ చేసేవారు. బళ్ళో పిల్లలు భయపడింది నాకు కాదు, ఆ మడతకి. ఇప్పుడు నలిగిన చీరలే కట్టుకుంటున్నాను. చూస్తున్నారా?

మనవరాలి నాట్యం చూద్దామని కూచిపూడి బయల్దేరిన రోజు గుర్తుందా? బస్టాండులో జనం. మీరు ఆ కుంటికాలితోనే పరిగెత్తి, కిటికీలోంచి తువ్వాలు వేసి రెండు సీట్లు ఆపారు. నేను ఎక్కేసరికి మీ సీట్లో ఒక ముసలాయన, నా సీట్లో ఒక బాలింత. “పాపం, పసిబిడ్డతో ఎంతసేపని నిలబడుతుంది?” అన్నారు. నేను మాత్రం ఉయ్యూరు దాకా నిలబడ్డాను. మీతో మాట్లాడకుండా.

సరే, జరిగింది చెప్తాను. మీరిచ్చిన పద్నాలుగో నంబరుతో లోపలికెళ్ళి బతికినావిడ ఉంది కదా... పేరు నాగమ్మ. బందరు అవతల, సముద్రం ఒడ్డున చేపలమ్ముతుంది. బెంచీ మీద కూర్చుని పటమటలో మన ఇల్లెక్కడో కూడా చెప్పారట. బాగుంది. నెలనెలా డాక్టరుకి చూపించుకుని, ఎండురొయ్యల పొట్లంతో మన గుమ్మంలోకి వస్తుంది. నాలుగుసార్లు తలుపు తియ్యలేదు. కిటికీలోంచి చూశాను. పొట్లం గడప మీద పెట్టి, చేతులు జోడించి పోయేది. నాకు ఒళ్ళు మండేది. ఆవిడ నడుస్తోంది... అది మీరు నడవాల్సిన నడక కాదూ?

మొన్న గురువారం పొట్లం పెట్టి వెళ్ళిపోలేదు. మెట్టు మీద కూలబడిపోయింది. తలుపు తీశాను. తియ్యకేం చేస్తాను, ఇన్నేళ్ళు మీతో కాపురం చేశాక?

మంచినీళ్ళు తాగి, తల వంచుకుని, ఒక మాట చెప్పాలనే ఇన్నిసార్లు వచ్చానంది. మీ ఆఖరి మాట. టోకెను ఆవిడ చేతిలో పెట్టి, “మా టీచరుగారు కాఫీ తెచ్చేలోగా వెళ్ళిపో అమ్మా. చూసిందంటే నన్ను బతకనివ్వదు” అన్నారట. నవ్వుతూ అన్నారట.

బతకనిచ్చేదాన్నండీ... అదే చేసేదాన్ని. ఒక్క అయిదు నిమిషాలు ముందొస్తే.

ఏడుపు రాలేదు. తిట్లు వచ్చాయి. ఆవిడ మాత్రలు రెండు పూటలకి బదులు ఒక పూటే వేసుకుంటోందట. ఒంట్లో బాగానే ఉందిగా అంటుంది. మీలాంటిదే ఇంకోటి. మీకు దక్కాల్సిన తిట్లన్నీ పాపం ఆవిడకి దక్కాయి. బుద్ధిగా వింది, మీకంటే నయం. రొయ్యలు వంకాయలో వేసి వండాను. ఇద్దరం తిన్నాం. వచ్చే నెల నుంచి ఆవిడ టోకెనుకి లైన్లో నిలబడేది నేనే. నా పద్నాలుగో నంబరుతో బతికిన మనిషి, ఊరికే పోనిస్తానా?

మిమ్మల్ని క్షమించానని మాత్రం అనుకోకండి.

ఒక చిన్న పని చెప్తాను, ఇదైనా సరిగ్గా చెయ్యండి. అక్కడ కూడా జనం ఎక్కువే ఉంటారు. మా మామగారు నేసిన ఆకుపచ్చ అంచు తువ్వాలు మీ భుజాన వేసే పంపాను. అది మీ పక్క సీటు మీద పరిచి ఉంచండి. ఎవరైనా నిలబడలేక మీ వంక చూస్తే, మీ సీటు ఇచ్చుకోండి. తువ్వాలున్నది మాత్రం ఇవ్వకండి. అది నాది.

మీ టీచరుగారు