తేనెటీగలకు చెప్పిన చావు

థోర్న్‌బెక్, మే నెల, 1788

ప్రియమైన కెజయాకు,

అసలీ ఉత్తరం రాయడం మానేద్దామనే అనుకున్నాను. ఈక చెక్కాను, పక్కన పెట్టాను. ఆ ఈక మన కుంటి బాతుది. అది బతికున్నప్పుడు నన్ను తరిమేది, చచ్చాక ఇలా పనికొస్తోంది. నాకు చదువు చెప్పిన పంతులెవరూ లేరు. సమాధి రాళ్లమీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. అందుకేనేమో, ఏం రాయబోయినా ముందు చావు కబురే వస్తుంది. ఈసారి కబురు మాత్రం తిరగబడింది.

చచ్చిపోయిన నీ మొగుడు వచ్చాడు.

సోమవారం మిట్టమధ్యాహ్నం, భుజాన సంచీతో, వంతెన దాటి నడిచొచ్చాడు. ముందు చూసింది మన పొరుగింటి హెప్సీ. మేజోడు అల్లుతున్న చెయ్యి ఆపకుండానే అడిగింది: "ఏం నాయనా సైలస్, నీకు మట్టి దక్కలేదా?"

"నాకేం కర్మ అత్తా, నేను బతికే ఉన్నాను" అన్నాడు.

"మొదట్లో అందరూ అలాగే అంటారు" అంది హెప్సీ.

దాని తప్పేం లేదు. నీకు గుర్తుందిగా, విట్బీ రేవు నుంచి చేపలమ్మేవాడు వచ్చి, తిమింగలాల వేటకెళ్లిన ఓడ మంచులో నలిగిపోయిందన్నాడు. నువ్వింకా ఏడుపు మొదలుపెట్టక ముందే హెప్సీ మీ ఇంటి తాళంచెవి పట్టుకుని పెరట్లోకి వెళ్లింది. తేనెటీగల బుట్టలన్నీ ఒక్కొక్కటే తట్టి, "సైలస్ పోయాడు, మీరు మాత్రం మమ్మల్ని విడిచిపోకండి" అని చెప్పి, నల్లగుడ్డలు కట్టింది. ఇంట్లో చావు జరిగితే ఈగలకు చెప్పి తీరాలి కదా, లేకపోతే అలిగి వెళ్లిపోతాయి. చేపలవాడు అబద్ధమాడితే ఏం చెయ్యాలన్నది మాత్రం మన పెద్దవాళ్లెవరూ చెప్పిపోలేదు.

సైలస్‌కు ఓడ పోయింది, సారా దాహం పోలేదు. సత్రంలో ఎవరో చెప్పారట, నువ్వు యార్క్‌లో పుస్తకం అచ్చేయిస్తున్నావని. "పెళ్లాం సొత్తు మొగుడిది కాదా మావయ్యా?" అన్నాడు నాతో, తియ్యగా. నీ వీధి పేరు నాకు గుర్తులేదన్నాను. ముసలితనం ఇలాంటప్పుడు భలే అక్కరకొస్తుంది.

నీ మావయ్య,
ఒబదయా

*

యార్క్, మే నెల

ప్రియమైన మావయ్యకు,

ఉత్తరం చదివి మెట్లమీదే కూలబడ్డాను. బతికున్నాడని సంతోషించాను, నన్ను నమ్మండి. ఆ సంతోషం కింది మెట్టు దాకా కూడా నిలవలేదు.

పుస్తకం సగం అచ్చయింది. చలికాలం మన ఆడవాళ్లంతా ఒక పొయ్యి చుట్టూ చేరి, మేజోళ్లు అల్లుతూ చెప్పుకున్న కథలు: దెయ్యాల కుక్క, కుందేలుగా మారి వెన్న దొంగిలించే మంత్రగత్తె, పాలకుండలో దాక్కున్న మరుగుజ్జు, అన్నీ. హెప్సీ అత్త చెప్పినట్టే, ఆవిడ తిట్లతో సహా రాశాను. తిట్లు తీసెయ్యమని అచ్చువేసే పాకింగ్టన్ గారు బతిమాలారు. పుస్తకం మీద నా పేరు కూడా వద్దట, 'ఒక దొరసాని రచన' అని వేస్తారట. ఆడది పేరు బయటపెట్టుకుంటే మర్యాద పోతుందని.

ప్లీడరును అడిగాను. మొగుడున్న ఆడదానికి చట్టం ముందు సొంత చెయ్యి ఉండదట మావయ్యా. ఈ చేత్తో రాసిందంతా సైలస్‌దే. వాడొచ్చి అడిగితే పాకింగ్టన్ గారు ఇచ్చెయ్యాలి. వాడు దాన్ని ఏ సారాదుకాణంలో తాగేస్తాడో! ఒక్కటే దారి ఉంది: పుస్తకం మీద తనకు హక్కు లేదని, దానిమీద వచ్చే డబ్బంతా నా తరఫున మీ చేతిలో ఉంటుందని వాడు సాక్షుల ముందు సంతకం పెట్టాలి. పెడతాడా? వాడు పెళ్లినాడే కలం పట్టుకుని సణిగాడు.

ఎలాగైనా వాణ్ణి అక్కడే ఆపండి.

మీ కెజయా

*

థోర్న్‌బెక్, జూన్ నెల

ముద్దుల కెజయాకు,

నీ ఉత్తరం ఆడవాళ్లందరికీ చదివి వినిపించాను. హెప్సీ లేచి నిలబడింది. "ఎవరా దొరసాని? మన కథలు ఎత్తుకుపోయిందెవరు?" అని. అది నువ్వేనని చెప్తే ఇంకా మండిపడింది. "కెజయా దొరసాని ఎప్పుడయింది? దాని ముక్కు తుడిచింది నేను!"

ఇక సైలస్ సంగతి. వాడికి ఊళ్లో ఎవరూ పీట వెయ్యడంలేదు. హెప్సీ రోజూ ఓట్స్ జావ గిన్నెలో పోసి కిటికీ బయట పెడుతుంది, చెంచా మాత్రం ఇవ్వదు. "ఆత్మలు వాసన చూసి తృప్తిపడతాయి, చెంచా ఎందుకు?" అంటుంది. వాడు వేళ్లతో తిని వేళ్లు కాల్చుకున్నాడు. దెయ్యం లోపలికి రాకుండా గడపల నిండా ఉప్పు పోశారు. నా మేకలు ఊరంతా గడపలు నాకుతున్నాయి, వాటి ఆరోగ్యం మాత్రం బ్రహ్మాండంగా ఉంది. మేకల గురించి ఇంకోసారి రాస్తాను.

నిన్న, కొడుకును పోగొట్టుకున్న నాన్ మెట్కాఫ్ వాణ్ణి దారిలో ఆపింది. "అక్కడ మా జోనాస్ కనిపిస్తే చెప్పు నాయనా, వాడి బూట్లు అమ్మేశాను, కోపగించుకోవద్దని."

"ఎక్కడ పిన్నీ?"

"నువ్వొచ్చిన చోటే."

"నేనొచ్చింది హాలండు నుంచి పిన్నీ! మా ఓడ పోతే డచ్చివాళ్లు ఎక్కించుకున్నారు!"

"ఎక్కణ్ణుంచైతేనేం, బూట్ల సంగతి మర్చిపోకు."

వాడు పాదిరీ గారి దగ్గరకు పరుగెత్తాడు. ఆయన చర్చి పుస్తకం తిరగేసి, "మా లెక్కలో నువ్వు బతికే ఉన్నావు. తేనెటీగల లెక్కలో నేను జోక్యం చేసుకోను. నాకు ఏడాది పొడుగునా తేనె హెప్సీయే ఇస్తుంది" అన్నారు.

మొన్న సాయంత్రం వాడు నా పక్కన నిలబడి మెల్లగా అడిగాడు: "మావయ్యా, నాకు నీడ పడుతోందా?"

మబ్బుగా ఉంది, చెప్పలేనన్నాను.

ఇప్పుడే సరుకుల బండెక్కి యార్క్ బయల్దేరుతున్నాడు. నీ వీధి బండివాడికి తెలుసు, పాపిష్టి వెధవ. ఆపలేకపోయాను, క్షమించు. ఈ ఉత్తరమూ అదే బండిలో వస్తోంది. ఇద్దరిలో ముందు ఎవరు నీ తలుపు తడతారో!

నీ మావయ్య,
ఒబదయా

*

యార్క్, జూన్ నెల

ప్రియాతి ప్రియమైన మావయ్యకు,

ముందు తట్టింది వాడే. తలుపు తీసి, ఇక అంతా అయిపోయిందనుకున్నాను. వాడు టోపీ చేత్తో నలుపుతూ, "కెజయా, నేను నీకు కనిపిస్తున్నానా?" అన్నాడు.

కనిపిస్తున్నావన్నాను. అక్కడే కూర్చుని ఏడ్చాడు. పుస్తకం మాటే ఎత్తలేదు. ఈగలకు మళ్లీ కబురు చెప్పించాలట. పెళ్లాం కోరితే తప్ప ఆ పని చెయ్యకూడదని హెప్సీ అత్త అందట. ఏం కావాలన్నా ఇస్తానన్నాడు. నేను ప్లీడరు దగ్గరకు తీసుకెళ్లాను. కాగితం చదవకుండానే సంతకం పెట్టాడు. సాక్షి సంతకం చేస్తున్న గుమాస్తాని, "మీకూ నేను కనిపిస్తున్నానుగా?" అని అడిగాడు.

పుస్తకం నాది మావయ్యా! పాకింగ్టన్ గారితో పోట్లాడి మొదటి పేజీ మార్పించాను: 'థోర్న్‌బెక్ ఆడవాళ్లు చెప్పినవి, కెజయా రాసినవి.' దొరసాని వెళ్లిపోయిందని హెప్సీ అత్తకు చెప్పండి.

ఎంత నాటకమాడించారు! ఆ జావ గిన్నె, ఆ బూట్ల కబురు! మా అత్తలు లండన్ రంగస్థలం ఎక్కాల్సినవాళ్లు. వాణ్ణి తిరుగు బండిలో పంపుతున్నాను. నా కోరికగా ఈగలకు చెప్పెయ్యండి.

మీ కెజయా

*

థోర్న్‌బెక్, జూలై నెల

ప్రియమైన కెజయాకు,

నాటకమా? ఎవరాడారమ్మా?

నీ ఉత్తరంలో ఆ ముక్క ఆడవాళ్లకు చదవకుండా మింగేశాను. హెప్సీ నిజంగానే వాణ్ణి చచ్చినవాడనుకుంది. వాడు రాత్రి గొడ్లపాకలో పడుకుంటే, పాపం శాంతి లేదని కన్నీళ్లు పెట్టుకుంది. జోనాస్ నుంచి జవాబు రాలేదని నాన్ ఇప్పటికీ దిగులుగా ఉంది. నాటకమాడిద్దామని బయల్దేరినవాణ్ణి నేనొక్కణ్ణే. ఏం చెయ్యాలో వాళ్లకు చెబుదామని వెళ్లేసరికి అంతా వాళ్లే చేస్తున్నారు. నీడ అడిగిన రోజు కూడా నిజం చెప్పాలంటే నేను కింద చూడలేదు. భయమేసింది.

నిన్న ఈగలకు చెప్పాం. చెప్పిన మాట వెనక్కి తీసుకోవచ్చా అని పొద్దుటినుంచి వాదులాట. చివరికి హెప్సీ తాళంచెవితో బుట్టను తట్టి, "సైలస్ బతికే ఉన్నాడు. మాకు తప్పుడు కబురొచ్చింది. మనసులో పెట్టుకోకండి" అంది. ఊరంతా బుట్ట చుట్టూ మూగింది. లోపల రొద ఆగిపోయింది. ఒకే ఒక్క ఈగ బయటికొచ్చి, తీరిగ్గా ఎగిరి, సైలస్ ముక్కుమీద వాలి కుట్టింది.

ముక్కు బంగాళాదుంపంత అయింది. వాడు "అబ్బా" అన్నాడు. హెప్సీ దగ్గరికెళ్లి, వేలితో ఆ వాపు నొక్కింది. వాడు మళ్లీ "అబ్బా" అన్నాడు.

"చచ్చినవాడికి వాపు రాదు" అని తేల్చేసింది.

అంత నొప్పిలోనూ వాడు గెంతులేశాడు. పెళ్లిలో కూడా వాణ్ణంత ఆనందంగా చూడలేదు. నల్లగుడ్డలు విప్పేశాం. ఈగలు ఇంకా ఉన్నాయి. వాడు మాత్రం విట్బీ వెళ్లి ఓడెక్కుతానంటున్నాడు. పుస్తకం రాగానే ఒకటి పంపు. తిట్లు సరిగ్గా పడ్డాయో లేదో హెప్సీ చూసుకుంటుందట. దానికి చదువు రాదు, నేనే చదవాలి.

నీ మావయ్య,
ఒబదయా

తాజా కలం: రాత్రి భోజనాల వేళ హెప్సీ సైలస్‌కు పీట వేసింది. జావ పోసి, చెంచా ఇచ్చింది.